పైకి చదివిన పరీక్ష

డెబ్బై రెండేండ్ల వయసులో నేను పరీక్షలో కాపీ కొట్టినానని ఒక యూనివర్సిటీ తేల్చింది. తేల్చి ఊరుకోలేదు. "ఇతరుల సహాయంతో జవాబులు గుర్తించినందున మీ పరీక్ష రద్దు చేయబడినది" అని నా ఫోనుకు రాసి పంపింది. బడి గడప తొక్కనివాణ్ణి నేను. కాపీ కొట్టే విద్య నేర్పేది బడిలో కదా, అది నాకు యాడినుంచి వస్తుంది?

జరిగింది జరిగినట్టు రాస్తాను, చదివినవాళ్ళే చెప్పండి.

మాది ఎమ్మిగనూరు. నేత పని. మా వీధిలో ఒక కొట్టంలో ఆరు మగ్గాలు ఆడేవి. ఎనిమిదేండ్ల వయసులో నేను ఆ కొట్టం మూలన కూర్చుని కండెలు చుట్టేవాణ్ణి. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే దారం పుల్లనే మేము కండె అంటాము. ఆ కొట్టంలో ఒక వాడుక ఉండేది. నేసేవాళ్ళకు చేతులు, కాళ్ళు, కళ్ళు అన్నీ మగ్గానికే సరిపోతాయి. ఖాళీగా ఉండేది చెవులొక్కటే. అందుకని పొద్దున పేపరు రాగానే ఒక పెద్దాయన మధ్యలో చాప వేసుకుని కూర్చుని, ఆరు మగ్గాల చప్పుడు దాటి వినపడేటట్టు గట్టిగా చదివేవాడు. వినేవాళ్ళు ఊరికే వినేది లేదు. వార్త వార్తకూ జవాబు ఇయ్యాల. "వానలు ఆలస్యమంట" అని ఆయన చదివితే, "ఆ ముక్క సెప్పేదానికి పేపరెందుకు, ఆకాశం సూస్తే తెల్దా?" అని ఒక మగ్గం. "మంత్రిగారు రైతులను ఓదార్చినారంట" అంటే, "ఓదార్చేది సరే, ఏమన్నా ఇచ్చినాడా?" అని ఇంకో మగ్గం. ఎవరూ జవాబు చెప్పకపోతే చదివినాయనకు చిన్నతనం. చదువు బాగలేదని అర్థం.

నేను ఆయన భుజం వెనక కూర్చుని, నోట్లోంచి వచ్చే శబ్దాన్నీ కాగితం మీద గీతనూ జత చేసుకుంటా రెండేండ్లలో అక్షరాలన్నీ పట్టినాను. ఆయన కండ్లకు పొర వచ్చినప్పుడు పేపరు నా చేతికి వచ్చింది. తరువాత నేనూ మగ్గం ఎక్కినాను గానీ, పేపరు వదల్లేదు.

అట్ల నేర్చిన చదువు కాబట్టి, చదవడమంటే నాకు పైకి చదవడమే. మనసులో చదువుకోవడం నాకు రాదు. నోరు కదలకపోతే అక్షరం లోపలికి పోదు. మందు బిళ్ళల అట్ట, పెండ్లి పత్రిక, గోడ మీద సినిమా పోస్టరు, అన్నీ పైకే. ఆదోని బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారిలో వచ్చే బోర్డులన్నీ చదువుతాంటే, ఒకసారి కండక్టరు చేతులు జోడించినాడు. "తాతా, స్టాపులు చెప్పే పని నాది. అదొక్కటన్నా నాకు మిగల్చు."

నా గురించి ఇంకొక సంగతి కూడా చెప్పాల. అన్యాయం జరిగితే ఊరుకునే గుణం నాకు లేదు. పెండ్లయిన మొదటి ఏడాది మా ఇంట్లో పడుగు దారం తెగిపోతా ఉండేది. పడుగంటే మగ్గం మీద పొడుగునా సాగే పోగులు. గంజి పట్టించి ఎక్కిస్తాము, ఎక్కిస్తే టప్పుమని తెగుతుంది. నేసేది గజం, ముడి వేసేది గంట. తప్పు దారానిదని నేను కనిపెట్టి, ఆ దారం వడికిన ఆదోని మిల్లుకు మూడు ఉత్తరాలు రాసినాను. "మీరు పంపేది దారమా, బూజా?" అని మూడో ఉత్తరంలో నిలదీసినాను. మిల్లువాళ్ళు జవాబు రాయలేదు. కానీ మూడో ఉత్తరం పోస్టు చేసిన వారంలోగా దారం తెగడం నిలిచిపోయింది! జవాబు రాసేదానికి మొహం చెల్లలేదు గానీ, దారం మాత్రం బాగు చేసుకున్నారు. ఒక్క నేతగాడు మూడు ఉత్తరాలతో మిల్లు మెడలు వంచిన కత ఇది, యాభై ఏండ్లుగా ఎవరు దొరికితే వాళ్ళకు చెప్తాండాను. చెప్పినప్పుడల్లా నా భార్య మూతి ఒక పక్కకు తిప్పుతుంది. నా చదువంటే ఆమెకు మొదటి నుంచీ అంతే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంట్లో మగ్గం తీసేసిన తరువాత పన్నెండేండ్లుగా మా ఊరి శిక్షణ కేంద్రంలో నేత నేర్పుతాండాను. మొన్న చలికాలంలో అక్కడికి కొత్త ఆఫీసరు వచ్చింది. చిన్న వయసు, మర్యాద తెలిసిన పిల్ల. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మరీ చెప్పింది.

"తాతా, మీ పని మీద నాకు అనుమానమే లేదు. కానీ ఇప్పుడు రూలు మారింది. నేర్పేవాళ్ళు ఏదో ఒక యూనివర్సిటీ ఆన్‌లైన్ కోర్సు పాసయి సర్టిఫికెట్ పెట్టాల."

"అనుమానం లేనప్పుడు సర్టిఫికెట్ ఎందుకమ్మా?"

"అనుమానం పైవాళ్ళకు తాతా."

"పైవాళ్ళు మగ్గం చూసినారా?"

"ఫోటోలో చూసింటారు."

ఉగాది పోయినాక కొత్త బ్యాచి మొదలు. అప్పటికి కాగితం లేకపోతే ఆ బ్యాచి డిప్లమా చదివిన ఒకాయనకు పోతుంది. ఆయన ముడి వేస్తే చెప్పుల తాడుకు వేసినట్టు ఉంటుంది, నేను కండ్లారా చూసినాను. ఆ సంగతి అట్లుంచండి. నా చేతికి మగ్గం తగిలేది ఆ కేంద్రంలోనే. అది కూడా పోతే పొద్దున లేచి చొక్కా వేసుకునే పని నాకు లేదు.

ఆదోనిలో నాకొక స్నేహితుడు ఉన్నాడు. పత్తి మార్కెట్టులో ముప్పై ఏండ్లు పనిచేసినాడు. పిడికెడు పత్తి తీసుకుని రెండు వేళ్ళతో లాగి, పోగు ఎంత పొడుగో చెప్పేవాడు. ఇప్పుడు కొడుకు పెట్టిన నెట్ సెంటరులో కూర్చుని జనాలకు దరఖాస్తులు నింపిస్తాడు. తెలుగు, ఉర్దూ, కన్నడం, మూడింట్లోనూ ఎగతాళి చేయగల మనిషి. నేను భాయ్ అంటాను, ఆయన నన్ను అప్పా అంటాడు. బస్సెక్కి నేరుగా ఆయన దగ్గరికి పోయినాను.

కంప్యూటరు నా దిక్కు తిప్పినాడు. "ఏం సదవాలప్పా? ఆకాశం కింద ఉండేదంతా ఉంది ఈడ. నువ్వే సూసుకో."

చూసుకోవడమంటే నాకు చదవడమే కదా. గట్టిగా మొదలు పెట్టినాను. "సమయపాలన. నలభై గంటల కోర్సు."

పొలం కాగితాల కోసం కౌతాళం నుంచి వచ్చిన రైతు ఒకాయన బెంచీ మీద కాచుకొని ఉన్నాడు. ఆయన అందుకున్నాడు. "సమయం మిగిలించుకునేదానికి నలభై గంటలు పోగొట్టుకోవల్లనా?"

నాకు ప్రాణం లేచి వచ్చింది. మా కొట్టంలో కూర్చున్నట్టే ఉంది. "నాయకత్వ లక్షణాలు. ఆరు వారాలు."

"మా ఊర్లో ఏ కోర్సూ లేకుండానే వీధికి ఇద్దరుండారు."

"భావవ్యక్తీకరణ నైపుణ్యాలు."

ఈసారి భాయ్ అడ్డం పడినాడు. "అది నీకొద్దప్పా. ఉండేదే ఎక్కువ."

"తేనెటీగల పెంపకం" అని చదివినప్పుడు మాత్రం భాయ్ కండ్లు మెరిసినాయి. "ఇది తీసుకో. కొత్త విద్య. ఈ వయసులో కొత్తది పడితే బుర్రకు తుప్పు పట్టదు."

"ఈగల్ని పెట్టుకుని మగ్గం నేర్పల్లనా నేను?"

ఇంకా కిందికి పోతే కనిపించింది. "నూలు నుంచి వస్త్రం దాకా: చేనేత మూలాలు. తెలుగులో. ఎనిమిది వారాలు. చివర పరీక్ష." ఇదే అని వేలు పెట్టినాను.

భాయ్ కళ్ళజోడు తీసి నా దిక్కు చూసినాడు. "తెలిసిందే మళ్ళా సదివేదేందప్పా? నువ్వు నేర్సుకునేదానికి పోతాండావా, తెలుసని రాయించుకునేదానికి పోతాండావా?"

"తెలుసు కాబట్టే తీసుకుంటాండాను. పరీక్షలో నా జవాబులు చూసి వాళ్ళే నాలుగు ముక్కలు నేర్చుకోనీ."

"సరే. తేనెటీగలు బతికిపోయినాయి" అని నా పేరు నింపినాడు.

పాఠాలు ఇంట్లో ఫోనులో విన్నాను. పాఠం చెప్పే ప్రొఫెసరు ఇస్త్రీ చొక్కాతో మగ్గం పక్కన నిలబడి, నాడెను పెండ్లిలో తాంబూలం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. విద్యార్థులు సందేహాలు రాసుకునే పేజీ ఒకటి ఉంటుంది. నాకు సందేహాలు లేవు కాబట్టి సవరణలు రాసినాను. మొత్తం పదకొండు. "మీ ఉత్సాహానికి ధన్యవాదాలు" అని పదకొండింటికీ ఒకటే జవాబు వచ్చింది.

ఐదో వారం గంజి పాఠం. పడుగుకు గంజి కాచి పట్టించడం మా ఇంట్లో ఆడవాళ్ళ పని. మా అమ్మ, తరువాత నా భార్య. గంజి ఎట్ల కాస్తారో నేను ఎప్పుడూ అడిగింది లేదు, వాళ్ళు చెప్పిందీ లేదు. ఆ పాఠం నలభై నిమిషాలు. మనకెందుకులే అని వేలితో ముందుకు జరిపినాను.

వంటింట్లోంచి నా భార్య గొంతు వచ్చింది. "అట్ల జరుపుతావేందయ్యా? ఆయప్ప బాగానే సెప్తాండాడు కదా, విననీ."

"కోర్సు నాది."

"గంజి నాది" అనింది.

పరీక్ష రోజు వచ్చింది. ఇంట్లోనే, ఫోను ముందర కూర్చుని రాయాల. కెమెరా మనల్ని చూస్తా ఉంటుంది, మాటలు కూడా వింటా ఉంటుంది. గదిలో ఇంకెవరూ ఉండకూడదు. మొదలు పెట్టేముందు గది చుట్టూ ఫోను తిప్పి చూపించమన్నారు. చూపించినాను. దేవుని పటాలు, క్యాలెండరు, బియ్యం డబ్బా. నా భార్యను వంటింట్లో కూర్చోబెట్టి, గడప దాటవద్దని గట్టిగా చెప్పినాను.

"నా ఇంట్లో నేనే దొంగమాదిరి దాక్కోవల్లనా?" అని గొణుక్కుంటా పోయి రోట్లో శనక్కాయ పొడి దంచడం మొదలు పెట్టింది.

ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, మొదటి ప్రశ్న చదివినాను. ఎట్ల చదివింటానో మీకు తెలిసిందే. మొదటి ప్రశ్న, నొక్కినాను. రెండు, నొక్కినాను. ఆరు దాకా మంచినీళ్ళ ప్రాయంగా పోయింది. వంటింట్లో రోకలి తన పాటికి తాను పడతా ఉంది.

"ఏడవ ప్రశ్న" అని ఎత్తుకున్నాను. "గంజి పట్టించిన పడుగు ఆరిన తరువాత పెళుసుబారి, నేతలో తరచుగా తెగుతున్నది. ప్రధాన కారణం ఏది? ఒకటి, మగ్గం మీద బిగువు ఎక్కువ కావడం. రెండు, మిల్లు దారం నాసిరకం కావడం. మూడు, గంజిలో నూనె కలపకపోవడం. నాలుగు, గాలిలో తేమ ఎక్కువ కావడం."

రోకలి ఆగింది.

"మూడోది. నూనె సుక్క పడలే, అంతే."

ఆమెను తప్పు పట్టలేను. ఆమె కూడా నేతవాళ్ళ ఇంటి పిల్లనే. ఎవరన్నా గట్టిగా చదివితే జవాబు చెప్పడం వాళ్ళ కొట్టంలోనూ వాడుకే. కానీ అప్పుడు నాకు ఒళ్ళు మండింది. "పరీక్షే ఇది! నోరు తెరవద్దని చెప్తి కదా!" అని అరిచి, రెండో జవాబు నొక్కినాను. మిల్లు దారం. ఆమె మీద కోపంతో నొక్కింది కాదు. నా అనుభవం అది, మూడు ఉత్తరాలు రాసి గెలిచిన అనుభవం.

పరీక్ష ముగిసినాక ఆమె గడప దాటి వచ్చి అడిగింది. "ఏది నొక్కితివి?"

"రెండోది. మిల్లు సంగతి నాకు తెలిసినంత ఆ యూనివర్సిటీకి కూడా తెలీదు."

"నీ మిల్లూ, నీ ఉత్తరాలూ!" ఆమె చేతికున్న పొడి దులుపుకునింది. "పెండ్లయిన ఏడాది మీ అమ్మ గంజిలో నూనె పడనిచ్చేది కాదు. కూరకే సాలదు, గంజికి యాడిదే అంటాండె. నువ్వు మూడో ఉత్తరం తీసుకుని పోస్టుకు పోయిన పొద్దు, ఆమె కన్నుగప్పి గంటెడు నూనె ఏసినా. ఆ తర్వాత రోజూ ఏసినా. తెగడం ఎప్పుడు నిలిచింది? ఆ వారమే కదా?"

యాభై ఏండ్లలో ఈ మాట ఆమె ఒక్కసారి అనలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "మీ అమ్మకు తెలిస్తే నూనె గిన్నె దాసిపెడుతుండె. ఆమె పోయినంక సెప్దామంటే, అప్పటికే నువ్వు మిల్లును గెలిసింటివి. ఊరంతా సెప్పుకుంటివి" అనింది.

"సాక్ష్యం ఉందా?"

"మీ అమ్మ లేదు, ఆ నూనె లేదు. నేనే సాక్ష్యం."

"ఫిర్యాదు చేసినవాళ్ళే సాక్ష్యం చెప్తే ఏ కోర్టూ ఒప్పుకోదు" అని చొక్కా వేసుకుని బయటికి వచ్చేసినాను. యాభై ఏండ్ల గెలుపును గంటెడు నూనెకు ఇచ్చేస్తానా నేను?

రెండు రోజులకు ఆ రద్దు కబురు ఫోనుకు వచ్చింది. ఆ పొద్దే బస్సెక్కి భాయ్ దగ్గరికి పోయినాను. నేను చెప్తా పోతే ఆయన కంప్యూటరులో కొట్టినాడు. ఒక చోట చేతులు ఆగినాయి.

"'మీ యూనివర్సిటీకి సిగ్గు లేదా' అనేది తీసేద్దామప్పా."

"ఉండనీ."

"పోనీ, ముందర 'దయచేసి' అని పెడతా."

"'దయచేసి మీకు సిగ్గు లేదా' అనా?"

"వినేదానికి కొంచెం మెత్తగా ఉంటుంది."

పైకి చదవడం నా అలవాటు, అది ఎట్ల అబ్బిందో కొట్టం కతతో సహా రాయించినాను. ఇంట్లోవాళ్ళు ఒక మాట అన్నది నిజమే, నేను దాన్ని లెక్క చేయలేదన్నదీ నిజమే, కావాలంటే మొదటి నుంచి చివరి దాకా రికార్డింగు విని అప్పుడు మాట్లాడండి అని రాయించినాను.

"చెల్లెమ్మ ఏం సెప్పింది? నువ్వేం నొక్కితివి? అది కూడా రాద్దాం" అన్నాడు భాయ్.

"అది ఇంటి సంగతి" అన్నాను. ఆయన నా దిక్కు ఒకసారి చూసి, అడగడం మానేసినాడు.

పంపిన క్షణానికే జవాబు వచ్చింది. ఆత్రంగా ఎత్తి చదివినాను. "మీ అభిప్రాయం మాకు ఎంతో ముఖ్యం" అని ఉంది. అది మనిషి రాసింది కాదంట, మిషనే రాసుకుంటుందంట. రెండో ఉత్తరం పంపినాను. మళ్ళీ ముఖ్యమే. మూడోది, నాలుగోది. మిల్లువాళ్ళు నయం. జవాబు లేనప్పుడు గమ్మున ఉండేవాళ్ళు.

ఉగాది దగ్గర పడింది. కేంద్రంలో ఆఫీసరు పిల్ల నన్ను చూసి తల దించుకునింది. "తాతా, ఇంకొక వారం ఆపగలను. అంతకంటే నా చేతిలో లేదు." లోపల మగ్గం మీద డిప్లమాయన వేసిన ముడులు కనిపించినాయి. విప్పి మళ్ళీ వేద్దామని చెయ్యి పోయింది గానీ, ఏ హోదాతో వేసేది? వెనక్కి తీసుకున్నాను.

ఇంటికొచ్చి రెండు రోజులు పేపరు కూడా చదవలేదు. మూడో రోజు నా భార్య పేపరు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "సదువు. ఇల్లు సెవిటిది అయిపోయినట్టుంది." చదవలేదు. ఆమె పేపరు మడిచి పక్కన పెట్టి, "ఆ నూనె మాట నేను వాపసు తీసుకోవల్లనా?" అని అడిగింది. అంతమాట ఆమె నోట రావడం నాకు బాగనిపించలేదు. "నీ మాటను ఎవరు లెక్క పెట్టినారులే" అన్నాను. ఓదార్పుగా అనబోతే అట్ల వచ్చింది.

ఐదో ఉత్తరంలో తిట్లు తీసేయించినాను. "అయ్యా, ఒక్కసారి వినండి" అని ఒకే వాక్యం రాయించినాను. భాయ్ ఈసారి 'దయచేసి' అడగకుండానే పెట్టినాడు.

ఆఫీసరు ఇచ్చిన వారంలో ఒక్క దినమే మిగిలి ఉంది. పొద్దున ఫోను మోగింది. యూనివర్సిటీ నుంచే. ఈసారి పొడుగ్గా ఉంది. వంటింట్లో రోకలి పడతా ఉంది. ఆమెకు వినపడకుండా చదవాలని నాకు గట్టిగా ఉండింది. పెదవులు బిగబట్టి చూసినాను. ఒక్క అక్షరం లోపలికి పోలేదు. వేరే దారి లేక పైకే ఎత్తుకున్నాను. రెండో వాక్యానికి రోకలి ఆగిపోయింది. ఆ జవాబును ఉన్నది ఉన్నట్టు ఇస్తాను:

"అయ్యా, మీరు కోరిన విధంగా మీ పరీక్ష రికార్డింగును పరీక్షల విభాగంలోని మేము ఇద్దరం మొదటి నుంచి చివరి దాకా విన్నాము. ప్రశ్నలను పైకి చదవడం మీ అలవాటని అర్థమైంది. ఏడవ ప్రశ్న వద్ద మరొకరు జవాబు చెప్పడం స్పష్టంగా వినిపించింది. ఆ జవాబు సరైనది. మీరు దానిని విని కూడా తప్పు జవాబు గుర్తించారు. కనుక మీరు ఇతరుల సహాయం పొందలేదని నిస్సందేహంగా రుజువైనది. రద్దును ఉపసంహరించుకుంటున్నాము. ఆ ఒక్క మార్కు మినహా మిగిలినవన్నీ మీకు లభించాయి, సర్టిఫికెట్ జతపరిచాము. మా రికార్డుల ప్రకారం ఐదవ వారం గంజి పాఠాన్ని మీరు చూడకుండా ముందుకు జరిపారు. వీలు చూసుకుని ఆ పాఠం వినగలరు. లేదా ఇంట్లోనే అడిగి తెలుసుకోగలరు."